బల్ల మీదే వదిలేయండి

శ్రోతలకు నమస్కారం. కత్తిరి ఎండలు ముదిరాయి, బడులకు సెలవులు. చెన్నైలో చల్లగా, ఖర్చు లేకుండా కూర్చోగలిగే చోట్లలో గ్రంథాలయం ఒకటి. కొట్టూర్పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకు వేరే చోటుంది.

"మన తెలుగు పుస్తకాలు ఎక్కడండీ?" అని చాలామంది అడుగుతారు. ముందు ఎగ్మూరు వెళ్లండి. 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయానికి, 1954 నాటి చట్టం ప్రకారం, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి రావాలి. విజయవాడలో అచ్చయినా సరే, ప్రచురణకర్త 30 రోజుల్లోగా తన ఖర్చుతో పంపాలి. అందరూ పంపుతారా అంటే, అది వేరే సంగతి!

ఇక బీరువా దగ్గర. చాలా గ్రంథాలయాలు పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ దశాంశ పద్ధతి పాటిస్తాయి. ఇలా సర్దడానికే కోలన్ పద్ధతి అని ఇంకోటి కనిపెట్టిన రంగనాథన్ గారు పనిచేసింది ఈ ఊళ్లోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో. అయినా ఎక్కువగా చెల్లుతున్నది అమెరికావాడైన డ్యూయీ పద్ధతే. అందులో తమిళ సాహిత్యం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. పుస్తకం వీపున అంటించిన చీటీ మీద ఈ అంకె, దాని కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు ఉంటాయి. చుక్క తర్వాత అంకెల్ని ఒక్కొక్కటిగా చదవాలి. 510.112 ముందొస్తుంది, 510.92 తర్వాత. నూటపన్నెండు పెద్దది కదా అని వెనక వెతికితే దొరకదు.

వేసవిలో సిబ్బందికి తలనొప్పంతా ఇక్కడే. పిల్లవాడు బుద్ధిగా పుస్తకాన్ని తనకు తోచిన అరలో పెడతాడు. కంప్యూటర్‌లో 'ఉంది' అనే చూపిస్తుంది, చేతికి మాత్రం రాదు. మళ్లీ వరస సరిచూసేదాకా అది పోయినట్టే. అందుకని చదివింది బల్ల మీదే వదిలేయండి, వాళ్లే బండిలో వేసుకెళ్లి సర్దుతారు. ఇంటికి తెచ్చుకున్నదైతే కౌంటర్‌లోనే ఇవ్వాలి. నేరుగా అరలో పెట్టేస్తే మీ పేరు మీదే ఉండిపోతుంది, జరిమానా పెరుగుతూ పోతుంది.

తీసేటప్పుడు పైఅంచు పట్టి లాగకండి, వీపు ఊడొస్తుంది. అటూ ఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, నడుం దగ్గర పట్టుకోండి.

పేజీ చిరిగిందా? సెల్లోటేపు వద్దే వద్దు. మన ఎండకు దాని జిగురు కరిగి పక్క పేజీకి అంటుతుంది, తర్వాత పచ్చబడి కాగితం పెళుసవుతుంది. చిరిగిన ముక్క లోపలే పెట్టి సిబ్బందికి చెప్పండి; పలచటి టిష్యూ కాగితం, పిండి జిగురుతో వాళ్లు అతికిస్తారు.

నీళ్ల సీసా ఒలికి తడిస్తే ఎండలో పడేయకండి, పేజీలు వంకర్లు పోతాయి. ప్రతి పది పన్నెండు పేజీలకు ఒక తెల్లకాగితం పెట్టి, నిలబెట్టి, ఫ్యాను కింద ఉంచండి. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చండి. న్యూస్‌పేపరు మాత్రం పెట్టకండి, సిరా అంటుతుంది. నునుపు కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకమైతే ఆరబెట్టకుండా వెంటనే సిబ్బంది దగ్గరికి పట్టుకెళ్లండి. పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాక విడదీయడం ఎవరివల్లా కాదు.