హోమియోపతికి ప్రజావైద్యంలో ఏ పని అప్పగించాలి?

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

హోమియో వైద్యం తెలుగువారికి కొత్తది కాదు. గుడివాడలో 1945లోనే హోమియో వైద్య కళాశాల మొదలైంది. రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలకు, సినిమాల్లో నటిస్తూనే హోమియో మందులిచ్చిన అల్లు రామలింగయ్య గారి పేరు పెట్టుకున్నాం. ఇంత అనుబంధం ఉన్న వైద్యాన్ని తేలిక చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రజల సొమ్ముతో నడిచే ఆరోగ్య వ్యవస్థలో దానికి ఏ పని అప్పగించాలో, ఏది అప్పగించకూడదో తేల్చేటప్పుడు అభిమానం కంటే ఆధారమే ముఖ్యం. నా అభిప్రాయం ముందే చెబుతాను. అంటువ్యాధుల నివారణను, ప్రాణాపాయం ఉన్న జబ్బుల చికిత్సను హోమియో మాత్రల మీద వదిలేయకూడదు.

దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి ఎందరో పిల్లలను బలి తీసుకుంది. అప్పటి ప్రభుత్వం బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యుబర్కులినం అనే మూడు హోమియో మందులను నివారణ కోసం పిల్లలకు పంపిణీ చేయించింది. వాటి తొలి అక్షరాలతో దాన్ని బీసీటీ అన్నారు. ఆ తర్వాత కేసులు తగ్గాయనీ, అదే మందు పనిచేసిందనడానికి రుజువనీ నేటికీ చెబుతుంటారు.

ఈ వాదనను కాస్త దగ్గరగా పరిశీలిద్దాం. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగలలో, పందులలో ఉంటుంది; వరి మడుల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు దాన్ని మనిషికి చేరుస్తాయి. వాన ఎంత పడింది, పొలాల్లో నీరు ఎన్నాళ్లు నిలిచింది, ఊళ్లో పందులు ఎక్కడ తిరుగుతున్నాయి అన్నదాన్ని బట్టి ఈ జబ్బు ఒక ఏడాది విరుచుకుపడి మరుసటి ఏడాది తగ్గుతుంది. పైగా వైరస్ సోకినవారిలో సుమారు 250 మందికి ఒకరిలోనే వ్యాధి తీవ్రంగా బయటపడుతుంది. మాత్ర వేసుకున్న పిల్లవాడికి జబ్బు రాలేదంటే, మాత్ర వేసుకోకపోయినా ఆ పిల్లవాడికి దాదాపు ఖాయంగా వచ్చేది కాదన్నమాట. మందు ఇచ్చిన గ్రామాలనూ ఇవ్వని గ్రామాలనూ ముందే చీటీలు తీసి విడదీసి, రెండు చోట్లా రక్తపరీక్షలతో జబ్బును నిర్ధారించి లెక్కిస్తే తప్ప మందు గుణం తెలియదు. నిర్ధారణ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2003లో ఇదే రాష్ట్రంలో మెదడువాపు లక్షణాలతో 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది చనిపోయినప్పుడు, పరిశోధకులు గుర్తించిన కారణం చండీపుర అనే వేరే వైరస్. ఏ వైరస్సో తేల్చకుండా ఒక మందు వల్ల కేసులు తగ్గాయని ఎలా అనగలం?

ఇక మందు సంగతి. శామ్యూల్ హానిమన్ అనే జర్మన్ వైద్యుడు 1796లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ లక్షణాలు పుట్టిస్తుందో, అవే లక్షణాలున్న రోగికి దాన్ని అతి తక్కువ మోతాదులో ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. తయారీ ఇలా ఉంటుంది: మూల ద్రావణం ఒక చుక్క తీసుకుని 99 చుక్కల ఆల్కహాలులో కలిపి గట్టిగా కుదుపుతారు, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలుపుతారు. ఇలా 12 సార్లు చేసేసరికి అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం అనుమానమే. మనం మామూలుగా వాడే 30 పొటెన్సీ అంటే 30 సార్లు, 200 అంటే 200 సార్లు ఇలా పలచబరిచినది. చివరికి ఆ ద్రవాన్ని పంచదార గుళికల మీద పోస్తారు. నీటికి జ్ఞాపకశక్తి ఉందని కొందరు అంటారు గాని, స్వతంత్ర ప్రయోగశాలల్లో అది నిలబడలేదు.

సిద్ధాంతం ఎలా ఉన్నా, ఫలితం కనబడితే ఒప్పుకోవలసిందే. అందుకే ఫలితాలనూ వెతికారు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో 176 అధ్యయనాలను పరిశీలించి, హోమియోపతి ప్రభావవంతమని నమ్మదగిన ఆధారం ఉన్న జబ్బు ఒక్కటీ కనబడలేదని ప్రకటించింది. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవ 2017లో ఈ మందులు రాయవద్దని తన వైద్యులకు సూచించింది. ఈ వైద్యాన్ని ఎంతో ఆదరించిన ఫ్రాన్సులో కూడా 2021 జనవరి 1 నుంచి ప్రభుత్వ బీమా వీటి ఖర్చు చెల్లించడం ఆపేసింది.

మరి ఇంతమందికి నయమైందంటే అబద్ధమా? కాదు, చాలామందికి నిజంగానే నయమవుతుంది. జలుబు, పులిపిర్లు, వచ్చిపోయే ఒంటి దురద, కీళ్ల నొప్పులు వాటంతటవే తగ్గుతాయి. బాధ ఎక్కువైన రోజునే డాక్టరు దగ్గరికి వెళ్తాం కనుక ఆ తర్వాత తగ్గడమే సహజం. మరొకటి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. హోమియో డాక్టరు రోగిని కూర్చోబెట్టి, దాహం ఎలా ఉంటుంది, చలిగాలి పడుతుందా, ఏ వైపు తిరిగి పడుకుంటే హాయిగా ఉంటుంది, ఇంట్లో దిగులు ఏమైనా ఉందా అని ఓపికగా అడుగుతారు. మన దేశంలో సాధారణ వైద్యుడు ఒక్కో రోగికి కేటాయించే సమయం సుమారు 2 నిమిషాలేనని 67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. ఓపీ గది ముందు గంటల తరబడి నిలబడి, చెప్పుకోవలసింది సగం చెప్పేలోపే చీటీ చేతికందే మనిషి, తన మాట పూర్తిగా విన్న చోటికి మళ్లీ వెళ్లడంలో తప్పేముంది? ఆ లోటు ప్రభుత్వ ఆసుపత్రులది. తగినంతమంది డాక్టర్లను నియమించి అక్కడే దాన్ని తీర్చాలి.

ఆందోళన కలిగించేది వేరే ఉంది. 2020 జనవరి 29న కేంద్ర ఆయుష్ శాఖ కరోనా నివారణకు ఆర్సెనికం ఆల్బం 30ని మూడు రోజులు పరగడుపున వేసుకోవచ్చని సలహా ఇచ్చింది. ఆ వైరస్ మీద ఆ మందును పరీక్షించి చూసినవారు అప్పటికి ఎవరూ లేరు. మాత్ర వల్ల హాని లేకపోవచ్చు. రక్షణ దొరికిందన్న భరోసాతో మాస్కు తీసేసినా, టీకా వాయిదా వేసినా హాని అక్కడే మొదలవుతుంది. క్షయ, మలేరియా, హెచ్‌ఐవీ, పసిపిల్లల విరేచనాల వంటి వాటికి హోమియోపతి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2009లోనే హెచ్చరించారు. మధుమేహాన్ని పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించినా, అలాంటి బోర్డులు మన పట్టణాల్లో కనబడుతూనే ఉన్నాయి. అధికారులు వాటిని తీయించాలి.

అయిదున్నరేళ్లు చదివిన హోమియో పట్టభద్రులు మన దగ్గర వేలల్లో ఉన్నారు. డాక్టరు లేని గ్రామంలో ప్రజలు ముందు వారి దగ్గరికే వెళ్తారు. కాబట్టి వారికి ప్రభుత్వం చెప్పవలసింది స్పష్టంగా చెప్పాలి: రెండు వారాలు దాటిన దగ్గును కఫ పరీక్షకు పంపండి, నీరసించిన పసిబిడ్డకు ఆలస్యం లేకుండా ఓఆర్ఎస్ పట్టించి ఆసుపత్రికి పంపండి, మెదడువాపు ముప్పున్న జిల్లాల్లో బిడ్డకు 9 నెలలు నిండినప్పుడు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకటి చొప్పున ఉచితంగా వేసే టీకా అందిందో లేదో కార్డు చూసి, అందకపోతే అదే రోజు ఏఎన్ఎం దగ్గరికి పంపండి. బీసీటీకి ఇక ఒక్క రూపాయి కూడా కేటాయించవద్దని ప్రభుత్వాలకు నా విన్నపం.