శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ రివ్యూ: సిక్కోలు నుంచి వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి

నమస్కారమండీ. ఈ రోజు రివ్యూ హౌరా పక్కనున్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ గురించి. ఇప్పుడు దీని పేరు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ ఇండియన్ బొటానిక్ గార్డెన్. 1787లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ మొదలుపెట్టారు. హుగ్లీ ఒడ్డున సుమారు 270 ఎకరాలు.

ముందే చెప్పేస్తున్నాం, పూలతోట అనుకుని వెళ్తే నిరుత్సాహపడతారు. ఇది చెట్ల తోట, చూడాల్సింది మానులూ ఊడలే.

మొదట పెద్ద మర్రి దగ్గరకే వెళ్లండి. ఇది గేటు పక్కన ఉండదు, లోపలికి చాలా దూరం నడవాలి. ఎండ ముదరకముందే చేరుకుంటే మంచిది. దీని వయసు 250 ఏళ్ల పైమాటే. అక్కడికెళ్లిన ప్రతివాళ్లూ అసలు మాను ఎక్కడా అని వెతుకుతారు. అది లేదండీ. 1864, 1867 తుపాన్లకి పెద్ద కొమ్మలు విరిగాయి, ఆ గాయాల్లోంచి చెక్కని కుళ్లబెట్టే శిలీంధ్రం లోపలికి పాకింది. దాదాపు 15.7 మీటర్ల చుట్టుకొలత ఉన్న మాను కుళ్లిపోతే 1925లో తీసేశారు. అయినా చెట్టు చావలేదు. ఊడ నేలను తాకి వేరు పట్టాక లావెక్కి, తనే ఒక మాను అయిపోతుంది, తన పైనున్న కొమ్మకి నీళ్లు తనే అందిస్తుంది. అలాంటి ఊడలు 3,000కు పైగా ఉన్నాయి. లేత ఊడలు గాలికి ఊగి విరిగిపోకుండా వెదురు బొంగుల్లోంచి నేలకి దించుతారు. అప్పట్లో చుట్టూ వేసిన 330 మీటర్ల రోడ్డుని కూడా చెట్టు దాటేసింది. కంచె ఉంది కాబట్టి ఊడల మధ్యకి వెళ్లలేరు, చుట్టూ నడుస్తూ చూడాలి. ఒక్క ఫొటోలో ఇమడదు, ఫోన్‌లో పనోరమా పెట్టండి.

తర్వాత విక్టోరియా తామర. ఆకు రెండు మీటర్ల వరకూ పెరుగుతుంది. అంచు పళ్లెంలా పైకి లేచి ఉంటుంది, అందులోని గండి గుండా వాననీరు పోతుంది. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చి, రెండో రోజుకి గులాబీ రంగుకి తిరుగుతుంది. సాయంత్రమే గేట్లు మూసేస్తారు కాబట్టి తెల్లగా విచ్చుకోవడం చూడటం కష్టం. 1795లో వెస్టిండీస్ నుంచి తెచ్చిన మహాగని మన దేశంలో మొదట నాటింది ఇక్కడే. ఒక ఆకులా ఇంకో ఆకు ఉండని పిచ్చి చెట్టు కూడా ఉంది, దాని కింద రాలిన ఆకులు పోల్చి చూడండి.

లవంగం, జాజికాయ కూడా పెంచుదామని చూశారు, నిలవలేదు. వాటికి ఏడాది పొడుగునా వెచ్చదనం, తేమ కావాలి, బెంగాల్ చలికాలం వాటికి పడలేదు.

నది వైపు రాక్స్‌బర్గ్ ఇల్లు చూడకుండా రాకండి. 1793లో ఈ తోట సూపరింటెండెంటుగా రాకముందు వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండేవారు, అక్కడ మిరియాలు పెంచారు. మన కోస్తా మొక్కల్ని వర్ణించేటప్పుడు తెలుగు పేర్లు కూడా రాసుకున్నారు. మనవాళ్లు ఈ తోటకి వెళ్లాలనడానికి మాకు ఇదే పెద్ద కారణం.

ప్రయాణం సంగతి. శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా వెళ్లే రైళ్లలో కొన్ని హౌరాకి, కొన్ని షాలిమార్‌కి పోతాయి. తోటకి షాలిమార్ దగ్గర. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ నడవడానికి హాయిగా ఉంటుంది. బూట్లు, నీళ్లు, దోమల మందు పట్టుకెళ్లండి. సోమవారం తోట సెలవు, అందుకని ఆదివారం రాత్రి రైలు మాత్రం ఎక్కకండి.