గులాబీ రంగు చీటీ: సంతలో కట్టిన ఇరవై రూపాయలు ఎక్కడికి పోతాయి?

అమ్మాయి: నమస్కారమండీ. పోయిన వారం ఊరెళ్లినప్పుడు సంతకి వెళ్లాను. గోంగూర బేరం చేస్తుంటే భుజానికి సంచీ తగిలించుకుని ఒక కుర్రాడు వచ్చాడు. గోంగూర ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా గోనెపట్టా కిందనుంచి ఇరవై రూపాయల నోటు తీసి ఇచ్చింది. అతను వేలెడంత గులాబీ రంగు చీటీ చింపి ఆవిడ చేతిలో పెట్టి పక్క గంప దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రాత్రే ఫోన్లో ఎవరో రాసింది చదివాను. సంతల్లోవాళ్లు, తోపుడు బళ్లవాళ్లు పైసా పన్ను కట్టరట, భారమంతా ఉద్యోగస్తులే మోస్తున్నారట. నాకు చాలా కష్టమనిపించింది. అందుకే ఇవాళ మా బాబాయిని పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. గోదావరి జిల్లాల్లో ముప్ఫై ఏళ్లు పంచాయతీల్లో పనిచేసి రిటైరయ్యారు. బాబాయ్, ఇదిగో ఆ చీటీ. ఆవిడని అడిగి తెచ్చుకున్నా.

బాబాయి: తెచ్చేశావా? వచ్చే సంతకి పట్టుకెళ్లి ఇచ్చెయ్యి తల్లీ. ఆవిడకి దాంతో పనుంది.

అమ్మాయి: ఈ ముక్కతోనా? దీని మీద తేదీ ముద్ర తప్ప ఏమీ లేదు. ఎంత కట్టిందో కూడా లేదు.

బాబాయి: అదే కదా మరి. సరే, మొదట్నుంచీ చెప్తాను. నువ్వు చూసింది ఆశీలు. మన వైపు ఆశీలు అంటాం, తెలంగాణలో తైబజార్ అంటారు. రెండూ నిజాములు, నవాబుల నాటి కచేరీ మాటలే. హాసిల్ అంటే వసూలైన సొమ్ము. తహ్ అంటే అడుగు, నేల. బజారులో ఇంత నేల వాడుకున్నావు కనక ఇంత కట్టు, అని. గంపకి ఇంత, బండికి ఇంత, జత ఎడ్లకి ఇంత.

అమ్మాయి: ఆ కుర్రాడు పంచాయతీ మనిషేనా?

బాబాయి: కాదు, పాటదారు మనిషి. ఏటా మార్చి వచ్చేసరికి సంత వేలం పెడతాం. ఏప్రిల్ 1 నుంచి మళ్లీ మార్చి 31 దాకా ఆశీలు వసూలు చేసుకునే హక్కుకి పాట. ముందు ఊళ్లో దండోరా వేయిస్తాం, నోటీసు బోర్డులో పెడతాం. పాడదలచుకున్నవాళ్లు ధరావతు కట్టాలి. సర్కారు వారి పాట ఇంత అని మేం మొదలెడతాం, అక్కణ్ణుంచి వాళ్లు పెంచుకుంటూ పోతారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. హెచ్చు పాటదారు పేరు రాసుకుని సంతకం పెట్టించుకుంటాం. పంచాయతీకి ఆ ఏడాది సంత మీద వచ్చేది ఆ పాట సొమ్మే. ఆ తర్వాత వాన పడి నాలుగు సంతలు పాడైనా, పండక్కి సంత రెండింతలైనా, లాభనష్టాలు పాటదారువి.

అమ్మాయి: అంటే గోంగూర ఆవిడ కట్టేది వేరు, పంచాయతీకి చేరేది వేరు.

బాబాయి: ఇవాళ నేను చెప్పదలచుకుంది అదొక్కటే అమ్మాయ్, దాని చుట్టూనే తిరుగుతా. మాటవరసకి ఒక లెక్క వేసుకో. సంతలో 300 మంది కూర్చుంటారు. మనిషికి 20 రూపాయలు. వారానికి 6,000. ఏడాదికి 52 సంతలు. ఎంత?

అమ్మాయి: 3,12,000.

బాబాయి: పాట రెండు లక్షలకి పోయిందనుకో. పంచాయతీ పుస్తకంలో రెండు లక్షలే ఉంటుంది. పాటదారుకి మనుషుల కూలి ఉంటుంది, లాభం ఉండాలి, కాదనను. కానీ సంత ఎంత కట్టిందని ఎవరైనా అడిగితే సర్కారు దగ్గర రెండు లక్షలనే జవాబు ఉంటుంది. ఆ 3,12,000 ఏ కాగితం మీదా ఉండదు. పాడేవాళ్లు ముందే కుమ్మక్కైపోతే ఆ రెండు కూడా లక్షకి దిగిపోతుంది. అప్పుడూ గోంగూర ఆవిడ ఇరవై ఇరవైగానే కడుతుంది. ఆవిడకి ఒక్క రూపాయి తగ్గదు.

అమ్మాయి: రేట్ల బోర్డు పెట్టాలి కదా బాబాయ్?

బాబాయి: పెట్టాలి. తీర్మానం చేసి, గంపకి ఎంత, బండికి ఎంత అని సంత మొదట్లో రాయించాలి. నేను చూసిన చాలా చోట్ల బోర్డు ఉండేది కాదు, ఉన్నా రంగు వెలిసిపోయి ఉండేది. ఒక ఊళ్లో అయితే, ఊరి పేరు చెప్పను, బోర్డు మీద అయిదు, వసూలు పదిహేను. చీటీ మీద అంకె లేదు కనక అడగడానికి ఆధారమే లేదు. ఇక డబ్బులతో పాటు రెండు వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసి సంచీలో వేసుకోవడం నేను కళ్లారా చూశాను. దానికి ఏ చట్టంలోనూ పేరు లేదు.

అమ్మాయి: ఇదంతా కొత్తగా వచ్చిన జబ్బా?

బాబాయి: అయిదు వందల ఏళ్ల నాటిది. పదహారో శతాబ్దంలో ఫెర్నావో నూనిజ్ అని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి విజయనగరంలో ఉన్నాడు. ఆయన రాసిపెట్టాడు: పట్నంలోకి వచ్చే ఒక ద్వారాన్ని ఏటా 12 వేల పర్దావులకి గుత్తకిచ్చేవారట. పర్దావు అంటే మన వరహా అనుకో. ఆ గుత్తదారు అడిగినంత కట్టకుండా ఊరివాడూ పైవాడూ ఎవడూ లోపలికి పోలేడట. అడిగినంత! ఆ మాట చదివినప్పుడు నాకు మా సంత గుర్తొచ్చింది. కానీ దానికి మూడు వందల ఏళ్ల ముందు మోటుపల్లి చూడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడి రేవులో శాసనం వేయించాడు. అంతకు ముందు ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవారు. నేను అలా చెయ్యను, నిర్ణయించిన సుంకమే పుచ్చుకుంటాను అని రాతి మీద చెక్కించాడు. గంధానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకి ఇంత అని రేట్లతో సహా. సంతకి కావలసింది ఆ రాయే తల్లీ.

అమ్మాయి: ఈ సొమ్ము పంచాయతీకి అంత ముఖ్యమా? ఢిల్లీ నుంచి గ్రాంట్లు వస్తాయి కదా?

బాబాయి: వస్తాయి. కానీ 2021-26 నాటి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీళ్లకి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు ఉండేది. ఇంటిపన్ను అంటావా, గుమ్మం గుమ్మం తిరగాలి, పంట చేతికొచ్చాక కడతాం అంటారు. సంత పాట సొమ్ము మాత్రం సొంత ఆదాయం. వీధి దీపం మాడిపోతే, కార్మికుడికి జీతం ఆలస్యమైతే చెయ్యి దాని మీదకే పోతుంది. పశువుల సంత ఉన్న ఊరైతే చెప్పక్కర్లేదు. మదనపల్లె దగ్గర అంగళ్లు ఊరు, వనపర్తి జిల్లా పెబ్బేరు లాంటి చోట్ల సంతలకి చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తారు. సంత లేని పంచాయతీలో పనిచేసినప్పుడు ఆ లోటు నాకు నెలనెలా తెలిసేది.

అమ్మాయి: ఇది ఊరి పంచాయతీ సంగతి. రాష్ట్ర ప్రభుత్వానికి? జీఎస్టీ కట్టరనేదే కదా అసలు నింద.

బాబాయి: ఆ గోంగూర ఆవిడ పక్కన ప్లాస్టిక్ బకెట్లు అమ్మే అతను ఉన్నాడా?

అమ్మాయి: ఉన్నాడు. స్టీలు గిన్నెలు కూడా.

బాబాయి: అతని బకెట్ తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి హోల్‌సేల్ షాపులో దాని ధర 100, జీఎస్టీ 18, మొత్తం 118 పెట్టి తెచ్చాడనుకో. సంతలో 150కి అమ్మాడు. అతనికి రిజిస్ట్రేషన్ లేదు, అక్కర్లేదు కూడా. సరుకు అమ్మేవాళ్లకి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా అక్కర్లేదు, తెలంగాణలో 20 లక్షల దాకా. అయితే రిజిస్ట్రేషన్ లేనివాడికి కట్టిన 18 రూపాయలు వెనక్కి రావు. పెద్ద షాపువాడైతే తను కొన్నప్పుడు కట్టిన పన్నుని, తను కట్టాల్సిన దాంట్లోంచి మినహాయించుకుంటాడు. ఇతనికి ఆ దారి లేదు. ఆ 18లో 9 రూపాయలు రాష్ట్ర ఖజానాకి చేరిపోయాయి.

అమ్మాయి: అదే బకెట్ పెద్ద షాపులో పన్నుతో కలిపి 150కి అమ్మితే?

బాబాయి: దాంట్లో పన్ను దాదాపు 23. అంటే సంతలో వసూలు కాకుండా మిగిలిపోయింది అయిదు రూపాయలే, అదీ ఇతని కష్టం మీద పడాల్సిన పన్ను. దానికోసం ఇతని చేత నెలనెలా రిటర్నులు వేయిస్తే ఆడిటరు ఫీజుకే సరిపోదు. గోంగూర మీదైతే ఎవరు అమ్మినా పన్ను లేదు.

అమ్మాయి: మరి బిల్లు లేకుండా కొంటే?

బాబాయి: అడగాల్సిందే అడిగావు. జీరో దందా అంటారే, అది. హోల్‌సేల్‌లో బిల్లు లేకుండా సరుకు బయటికొస్తే ఆ 18 రూపాయలూ పోయినట్టే. కానీ ఆ బిల్లు ఎగ్గొట్టింది ఎవరు? గోడౌను ఉన్నవాడు, లారీలు ఉన్నవాడు. సంతలో బకెట్లు అమ్మేవాడు బిల్లు కావాలంటే, ఇష్టముంటే తీసుకో లేకపోతే ఫో అంటాడు. లీకు ఉన్నది పైన, తడి కనపడేది కింద. కిందవాణ్ణి దొంగ అనేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

అమ్మాయి: సంతకి వచ్చే ఆటోల డీజిల్ కూడా ఉంది కదా.

బాబాయి: అది జీఎస్టీలో లేదు, వ్యాట్ నేరుగా రాష్ట్రానికే. ఆంధ్రలో 22.25 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. తెలంగాణలో 27 శాతం. తెల్లవారుజామున మూడింటికి కూరగాయల బస్తాల మీద కూర్చుని వచ్చే ఆడవాళ్లు ఆటో కిరాయిలో ఆ వ్యాట్ కడుతూనే వస్తారు.

అమ్మాయి: బెంగళూరు గొడవ గురించి కూడా మాట్లాడదాం బాబాయ్. అక్కడ మనవాళ్లు చాలామంది చిన్న కొట్లు నడుపుతున్నారు.

బాబాయి: 2025 జూలైలో. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖవాళ్లు యూపీఐలో వచ్చిన డబ్బు చూసి వేల మంది చిన్న వ్యాపారులకి నోటీసులు ఇచ్చారు. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో 1.63 కోట్ల లావాదేవీలు జరిగాయని 29 లక్షలు కట్టమన్నారు. పన్నే లేని కూరగాయలకి! జనం భయపడి క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకేశారు, నగదు మాత్రమే అని బోర్డులు పెట్టారు. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బకాయిలు వసూలు చెయ్యబోమని చెప్పాల్సి వచ్చింది.

అమ్మాయి: కానీ 40 లక్షలు దాటినవాళ్లు కట్టాలిగా?

బాబాయి: కట్టాలి. దాటినవాళ్లకి కాంపొజిషన్ పథకం ఉంది, కోటిన్నర దాకా అమ్మకంలో ఒక శాతం. ఆ సంగతి ముందు ఊరూరా కూర్చుని చెప్పాలి, ఆ తర్వాత కదా నోటీసు. కరోనా రోజుల్లో యూపీఐ వాడండని మనమే చెప్పాం. 2020లో పీఎం స్వనిధి పథకం పెట్టి వీధి వ్యాపారులకి పదివేల అప్పు ఇచ్చాం, డిజిటల్‌గా తీసుకుంటే క్యాష్‌బ్యాక్ అన్నాం. నమ్మి బండికి స్టిక్కర్ అంటించుకున్నారు. ఆ నమ్మకం ఒక్క నోటీసుతో పోతే మళ్లీ లెక్కలోకి ఎప్పుడొస్తారు? జాతీయ గణాంక కార్యాలయం 2023-24 సర్వేలో వ్యవసాయం, నిర్మాణం కాకుండా ఇలాంటి చిన్న వ్యాపారాలు దేశంలో 7.34 కోట్లు ఉన్నాయని తేలింది. 12 కోట్ల మంది వాటిలో బతుకుతున్నారు.

అమ్మాయి: పట్టణాల్లో వీధి వ్యాపారుల చట్టం ఉంది కదా, 2014ది. దానివల్ల ఏమైనా మారిందా?

బాబాయి: చట్టం మంచిది. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే చేసి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫీజు తీసుకోవాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ లేపకూడదు. కానీ అది పట్టణాలకే. పల్లె సంతలో కూర్చునేవాళ్లకి సర్టిఫికెట్ లేదు. వాళ్ల దగ్గర ఉండేది ఇదిగో, ఈ చీటీ ఒక్కటే.

అమ్మాయి: అందుకేనా ఇచ్చెయ్యమన్నారు?

బాబాయి: నేను రిటైరయ్యే ముందు పనిచేసిన ఊళ్లో సంతకి రేకుల షెడ్డు వేశాం. లోపల సిమెంటు అరుగులు. అరుగులు తక్కువ, మనుషులు ఎక్కువ. పాతవాళ్లకి ముందు అన్నాం. పాతవాళ్లమని ప్రతివాళ్లూ చెప్తారు, రుజువేది? అప్పుడు ఎండుచేపలు అమ్మే ఒకావిడ, అప్పటికే అరవై దాటాయి, పసుపు డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. అన్నీ ఆశీలు చీటీలే. గులాబీవి, పచ్చవి, ఏ ఏడాది పాటదారు ఏ రంగు అచ్చేయిస్తే ఆ రంగు. చేపల వాసన. దారంతో ఏడాదికో కట్ట కట్టి ఉంచింది, పన్నెండు కట్టలు.

అమ్మాయి: పన్నెండేళ్లవి!

బాబాయి: ఆవిడకి చదువు రాదు. కానీ ఒక్కో కట్ట చేత్తో పట్టుకుని చెప్పింది. ఇది రెండు రూపాయల ఏడాది బాబూ, ఇది మూడు, ఇది అయిదు చేశారు, ఇదిగో ఈ కట్ట ఏడాది పది అడిగితే మేమంతా సంత ఆపేశాం, మళ్లీ ఎనిమిదికి దిగారు. చీటీల మీద లేని అంకెలన్నీ ఆవిడకి నోటికి వచ్చు. నేను ఒక నోటుపుస్తకం తీసి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. పక్కన మా పాట సొమ్ము రిజిస్టరు పెట్టుకున్నాను. ఆ రాత్రి రెండూ కలిపి చూస్తే నాకు నిద్ర పట్టలేదు.

అమ్మాయి: ఆవిడకి అరుగు ఇచ్చారా?

బాబాయి: మూడో అరుగు. షెడ్డులో గాలి బాగా వచ్చే చోటు. ఇప్పుడు ఆవిడ కోడలు కూర్చుంటోంది.

అమ్మాయి: ఆ నోటుపుస్తకం ఉందా బాబాయ్?

బాబాయి: బీరువాలో ఉంది. వచ్చేసారి తెస్తాను. నువ్వు మాత్రం ఆ చీటీ ఎల్లుండి సంతకి ఆవిడకి అందేలా చూడు.