రొమ్ము తీయకముందే అడగాల్సిన మాట

కర్నూలు స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, ఫిజియోథెరపిస్ట్.

యాంకర్: నమస్కారం. క్యాన్సర్ వల్ల తీసేసిన రొమ్మును మళ్లీ కట్టించుకోవచ్చా అనేదే ఈరోజు విషయం. మేడమ్, ముందు మీరు చెప్పండి. ఈ మాట డాక్టర్‌ని ఎప్పుడు అడగాలి?

క్యాన్సర్ సర్జన్: ఆపరేషన్ తేదీ ఖాయం చేయకముందే అడగాలమ్మా. చాలామంది కుట్లు విప్పేరోజు అడుగుతారు. అప్పటికి చర్మం ఎంత ఉంచాలి, కోత ఎక్కడ పెట్టాలి, చనుమొన ఉంచే వీలుందా అన్నవన్నీ తేలిపోయి ఉంటాయి. మళ్లీ కట్టించుకుంటామని ముందే చెబితే, జబ్బు దశ ఒప్పుకున్నవాళ్లకు పైచర్మం కాపాడి లోపలిది మాత్రమే తీస్తాం. గడ్డ చిన్నదైతే అసలు రొమ్మంతా తీసే పనే ఉండకపోవచ్చు. గడ్డవరకు తీసి రేడియేషన్ ఇస్తే చాలు. అదీ అడగండి.

యాంకర్: "ముందు ప్రాణం దక్కనీ, అవన్నీ తర్వాత చూద్దాం" అంటారు కదా ఇంట్లోవాళ్లు.

క్యాన్సర్ సర్జన్: ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అడిగినంత మాత్రాన వైద్యం ఆగదు. రొమ్ము తిరిగి కట్టడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. చిక్కు వచ్చేది ఒక్కచోటే, గాయం మానకపోతే. ఆపరేషన్ అయ్యాక కీమో ఇవ్వాల్సినవాళ్లకు మామూలుగా 4 నుంచి 6 వారాల్లో మొదలుపెట్టాలి. అప్పటికి గాయం చీము పట్టి ఉంటే కీమో వెనక్కి పోతుంది. అందుకే షుగర్ అదుపులో లేనివాళ్లకు, పొగాకు మానలేనివాళ్లకు తర్వాత చేద్దామంటాం. ఆ తర్వాత అనేది ఏడాదికైనా కావచ్చు, పదేళ్లకైనా కావచ్చు. గడువంటూ లేదు.

యాంకర్: డాక్టర్ గారూ, ఎన్ని దారులున్నాయి?

ప్లాస్టిక్ సర్జన్: సిలికాన్ ఇంప్లాంట్ ఒకటి, ఒంట్లో మరోచోటి కండో కొవ్వో తెచ్చి కట్టడం ఇంకోటి. అయితే దారి ఎంచుకునే ముందు నేను అడిగే ప్రశ్న, రేడియేషన్ ఉందా లేదా అని. రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుపోతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. అక్కడ ఇంప్లాంట్ పెడితే దాని చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి నొక్కేస్తుంది. రొమ్ము రాయిలా అవుతుంది, పైకి జరుగుతుంది, నొప్పి పుడుతుంది. రేడియేషన్ అయినవాళ్లకు సొంత కణజాలమే మేలని నా అభిప్రాయం. అదీ రేడియేషన్ ముగిసి 6 నెలలైనా గడిచాకే.

యాంకర్: ఇంప్లాంట్ ఒకేసారి పెట్టేస్తారా?

ప్లాస్టిక్ సర్జన్: చర్మం సరిపడా ఉంటే ఒకేసారి పెట్టొచ్చు. లేకపోతే ముందు ఎక్స్‌పాండర్ పెడతాం, ఖాళీ తిత్తిలాంటిది. గాయం మానాక, రెండుమూడు వారాల నుంచి, చర్మం మీదుగా సన్నటి సూదితో సెలైన్ ఎక్కిస్తాం. వారానికో రెండు వారాలకో ఒకసారి, సుమారు 50 నుంచి 100 మిల్లీలీటర్లు. ఎక్కించిన రోజు ఛాతీకి పట్టీ బిగించినట్టు ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. చర్మం ఎర్రబడి మెరుస్తుంటే మాత్రం ఆ వారం ఆపేయాలి. కావలసినంత సాగాక తిత్తి తీసి ఇంప్లాంట్ పెడతాం. అదీ జీవితాంతం ఉంటుందన్న హామీ లేదు. కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. 2019లో గరుకు పైపొర ఉన్న ఒక రకం ఇంప్లాంట్లను, లింఫోమా అనే అరుదైన రకం క్యాన్సర్‌తో సంబంధం బయటపడి, ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మీకు పెట్టినదాని వివరాల కార్డు అడిగి తీసుకుని ఇంట్లో దాచుకోండి.

యాంకర్: సొంత కణజాలమంటే?

ప్లాస్టిక్ సర్జన్: వీపు కండను దాని రక్తనాళం తెగకుండా చంక కిందుగా ముందుకు తిప్పడం పాత, నమ్మకమైన పద్ధతి. లాటిసిమస్ డార్సీ ఫ్లాప్ అంటాం. మైక్రోస్కోప్ అక్కర్లేదు. రెండోది డీప్ ఫ్లాప్. పొత్తికడుపు చర్మం, కొవ్వు తీసి, కండను అక్కడే వదిలేసి, రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళాలను ఛాతీలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతాం. ఆపరేషన్ 6 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మెత్తదనం సహజంగా ఉంటుంది, బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. కానీ మొదటి మూడు రోజులూ కంటిమీద కునుకు ఉండకూడదు.

యాంకర్: రోగికా?

ప్లాస్టిక్ సర్జన్: నర్సుకు, మాకు. మొదట్లో గంటగంటకూ చూడాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగు పట్టాలి. పాలిపోయి చల్లబడితే రక్తం లోపలికి రావట్లేదు. నొక్కి వదలగానే రంగు వచ్చేస్తూ, నీలిరంగుకు తిరిగి ఉబ్బుతుంటే రక్తం బయటకు పోవట్లేదు, సిరలో గడ్డ కట్టింది. రెంటికీ మందు ఒక్కటే, వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లి విప్పి చూడటం. కొన్ని గంటలు జాప్యమైతే ఆ కణజాలం చచ్చిపోతుంది. అందుకే ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు అడగండి: "రాత్రి రెండుగంటలకు థియేటర్ తెరిచే టీం ఉందా? ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు?" ఈ రెండు ప్రశ్నలకు నొచ్చుకునే డాక్టర్ దగ్గర చేయించుకోవద్దు.

క్యాన్సర్ సర్జన్: క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఈ ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు ఆపమంటారు. మీ అంతట మీరు ఆపొద్దు, ముందు మా దగ్గరకు రండి.

ప్లాస్టిక్ సర్జన్: పొగాకు కూడా. బీడీ, గుట్కా, పళ్లకు రుద్దే పొగాకుపొడి అన్నీ నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ సన్నటి నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మేం కుట్టేదీ ఆ నాళాలనే కదా.

యాంకర్: ఇంటికొచ్చాక ఎలా చూసుకోవాలి?

ఫిజియోథెరపిస్ట్: డ్రెయిన్‌తో, అంటే గాయంలో చేరే నీటిని బయటి డబ్బాలోకి లాగే గొట్టంతో మొదలుపెడతాను, ఇంటికొచ్చాక అందరికీ భయం దానితోనే. చేతులు కడుక్కుని మూత తీసి, ద్రవాన్ని కొలత గ్లాసులో పోయండి. డబ్బాను పూర్తిగా అణిచిపట్టి, అణిగి ఉండగానే మూత పెట్టండి. చాలామంది మూత పెట్టాక అణుస్తారు. అప్పుడు లోపలికి పీల్చే శక్తి ఉండదు, నీరు లోపలే నిలిచి ఉబ్బుతుంది. రోజూ ఎంత వచ్చిందో కాగితం మీద రాయండి. వరసగా రెండు రోజులు, 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపు వస్తే సాధారణంగా తీసేస్తారు. వీపు కండ తీసినవాళ్లకు వీపు దగ్గర నీరు ఎక్కువ చేరుతుంది, ఆ గొట్టం ఆలస్యంగా తీస్తారు. గొట్టాన్ని నైటీకి పిన్నీసుతో పట్టించండి, వేలాడనివ్వొద్దు.

యాంకర్: పనులు?

ఫిజియోథెరపిస్ట్: కడుపు నుంచి తీసినవాళ్లు మొదటి వారం కొంచెం వంగే నడవాలి. మోకాళ్ల కింద దిండు, వీపు వెనక ఎత్తు పెట్టుకుని పడుకోవాలి. 6 వారాలు 5 కిలోలకు మించి ఎత్తొద్దు. నీళ్లబిందె అంతకు రెండు మూడింతలు బరువుంటుంది. ఇంట్లో బిందె ఎవరు మోస్తారో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. లంగా బొందు సరిగ్గా కడుపు కుట్టు దగ్గర బిగుస్తుంది, అన్నాళ్లూ నైటీనే వేసుకోండి. వీపు కండ తీసినవాళ్లకు చేది లాగడం, చెనక్కాయ చెట్లు పీకడం లాంటి పనుల్లో బలం తగ్గినట్టు తెలుస్తుంది. మూడు నెలలు ఆ పనుల జోలికి వెళ్లొద్దు.

చెయ్యి మాత్రం కట్టేసినట్టు ఉంచుకోకూడదు. మరుసటి రోజు నుంచే మోచెయ్యి, వేళ్లు కదిలించాలి. డ్రెయిన్ ఉన్నన్నాళ్లు భుజం ఎత్తు దాటొద్దు. సర్జన్ సరేనన్నాక గోడకెదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే రేపటి లెక్క తెలుస్తుంది.

ప్లాస్టిక్ సర్జన్: ఒక్కమాట, చాలా ముఖ్యం. కట్టిన రొమ్ముకు స్పర్శ చాలా తక్కువ. మనవాళ్లు నొప్పి అనగానే కాపడం పెడతారు. వేడినీళ్ల సంచి పెడితే కాలుతున్నట్టు తెలియదు, బొబ్బలెక్కాకే కంటపడుతుంది. కాపడం పెట్టొద్దు, ఐసూ పెట్టొద్దు.

యాంకర్: ఆదోని నుంచి ఒక అక్క అడుగుతున్నారు, ఖర్చు ఎలాగ?

క్యాన్సర్ సర్జన్: కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముందు అక్కడ విచారించండమ్మా. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరేటట్టయితే, మీ ప్యాకేజీలో రొమ్ము తీయడం మాత్రమే ఉందా, తిరిగి కట్టడమూ ఉందా అని అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. హైదరాబాద్ వెళ్తే దూరం 200 కిలోమీటర్ల పైమాట. డ్రెయిన్ ఆగిపోయినా, 101 డిగ్రీల జ్వరం వచ్చినా, కుట్టు చుట్టూ ఎర్రగా వేడెక్కినా ఇక్కడ ఎవరు చూస్తారో ఆ డాక్టర్ చేతే రాయించుకుని రండి. కాలిపిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవేవీ వద్దనుకునేవాళ్లకు బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ ఉంది. చదునుగా ఉండిపోతామన్నా అదీ సరైన నిర్ణయమే, ఎవరూ బలవంతపెట్టకూడదు.

యాంకర్: చనుమొన సంగతి?

ప్లాస్టిక్ సర్జన్: రొమ్ము కుదురుకున్నాక, మూడు నుంచి ఆరు నెలలకు, అక్కడి చర్మాన్నే మడిచి కడతాం. చుట్టూ నలుపు టాటూతో తెస్తాం. కొంచెం ముదురు రంగే వేయాలి, తర్వాత తేలిపోతుంది.

యాంకర్: చివరిగా, కొత్త జాకెట్లు ఎప్పుడు కుట్టించుకోవచ్చు?

ఫిజియోథెరపిస్ట్: మూడు నెలల దాకా కొలతలివ్వొద్దు, వాపు తీస్తూ ఉంటుంది. అందాకా ముందువైపు హుక్కులుండే వదులు జాకెట్టే వేసుకోండి. చెయ్యి వెనక్కి తిప్పే పని తప్పుతుంది. చంక దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులుంచమని టైలర్‌కి చెప్పండి.