తూకం కంటే ముందు గడియారం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో తల్లిదండ్రులున్నారు, కోచ్‌లున్నారు, వెనక వరుసల్లో ఆడే పిల్లలూ కనిపిస్తున్నారు. ఆటాడే బక్క పిల్లలకు ఆరోగ్యంగా బరువు ఎలా పెంచాలన్నదే ఇవాళ్టి సంగతి. ఫుట్‌బాల్ ఆడే బక్కపలచని పిల్లల ఇళ్ళలో వినబడే మాట ఒకటుంది: "వీడు ఎంత తిన్నా ఒంటికి పట్టదండీ." ఆ మాటలో సగం నిజం ఉంది. కూర్చోబెట్టి వడ్డిస్తే వాడు బాగానే తింటాడు. అయితే రోజు మొత్తంలో ఎన్నిసార్లు కూర్చుంటున్నాడన్నది ఎవరూ లెక్కపెట్టరు.

ఒక అబ్బాయిని ఊహించుకుందాం. పదహారేళ్ళు, 172 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోలు. ఆరున్నరకి లేస్తాడు. టైమవుతోందని నిలబడే గ్లాసు పాలు తాగి బడికి పోతాడు. ఒంటిగంటకు భోజనం. అయిదింటి నుంచి ఏడింటిదాకా ప్రాక్టీసు. ఇంటికొచ్చి స్నానం, కాసేపు ఫోను, తొమ్మిదింటికి మళ్ళీ భోజనం. అప్పుడు కంచం నిండా పెట్టించుకుని తింటాడు. ఇంట్లోవాళ్ళు చూసేది ఆ కంచాన్నే. ఒంటిగంట నుంచి తొమ్మిది దాకా ఖాళీగా పోయిన ఎనిమిది గంటలు, అందులో రెండు గంటల పరుగు వాళ్ళ కంట పడవు. ప్రాక్టీసు ఉన్న రోజున ఇలాంటి పిల్లవాడికి ఉన్న బరువు నిలబెట్టుకోవడానికే దాదాపు 2,800 నుంచి 3,000 కేలరీలు కావాలి. ఒకటిన్నర పూటలో అంత తినడం ఎవరివల్లా కాదు.

అందుకే ముందు చేయాల్సిన పని కంచం పెద్దది చేయడం కాదు. మూడు రోజులపాటు, అందులో ఒకటి సెలవురోజు అయ్యేలా, ఏం తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో కాగితం మీద రాయండి. నోట్లోకి పోయింది ఏదైనా టైముతో సహా రాయండి. మేలుకుని ఉన్న సమయంలో మూడున్నర గంటలకు మించి ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయండి. బరువు పెరగాల్సింది ఆ గీతల దగ్గరే.

తిండి సంగతికి వెళ్ళేముందు వయసు గురించి ఒక మాట. మగపిల్లల్లో ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగేది సగటున పదమూడు, పద్నాలుగేళ్ళ మధ్య. అప్పుడు ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు కూడా పెరుగుతారు. బరువు, కండ ఆ వేగాన్ని అందుకునేది దాని తర్వాత కొన్ని నెలలకు. ముందు పొడుగు, తర్వాత వెడల్పు, అదీ వరస. కొందరికి ఇదంతా ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. అలాంటి పిల్లవాణ్ణి అప్పటికే మీసం వచ్చిన తోటివాడి పక్కన నిలబెట్టి "వాడిలా అవ్వు" అంటే ఏ తిండీ ఆ పని చేయలేదు. మూడు నెలలకోసారి గోడ మీద ఎత్తు గుర్తు పెట్టండి. గడిచిన ఏడాదిలో ఏడెనిమిది సెంటీమీటర్లు పెరిగి ఉంటే శరీరం ఇంకా పొడుగు పనిలోనే ఉందని అర్థం. అప్పుడు లోటు లేకుండా తిండి పెట్టడం, బరువులు ఎత్తే పద్ధతి నేర్పడం, అంతవరకే. ఈ దశలోనే కొందరికి మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర, లేదా మడమ వెనక నొప్పి మొదలవుతుంది. పెరిగే ఎముక అంచు మీద స్నాయువు లాగడం వల్ల వచ్చేదది. పరుగులు, గెంతులు తగ్గించాలి. నొప్పి మందు వేసి ఆడించే కోచ్‌లంటే నాకు సదభిప్రాయం లేదు.

ఇక ఎంత పెరగాలి? ఆ 54 కిలోల అబ్బాయికి వారానికి పావు కిలో నుంచి అర కిలో. అంటే నెలకు ఒకటి నుంచి రెండు కిలోలు, అదీ మహా అయితే. సీజన్‌కు నాలుగు నెలల ముందు మొదలుపెడితే నాలుగైదు కిలోలు వస్తే చాలా బాగా వచ్చినట్టు. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం నెమ్మదిగా లెక్కవేసుకోవాలి. ఇంతకంటే వేగంగా పెరిగిందంటే పెరిగింది ఎక్కువగా కొవ్వే. కండ కట్టే వేగానికి ఒక హద్దుంది, ఎక్కువ తినిపించి ఆ హద్దు దాటించలేం. దీనికి కావాల్సింది రోజుకు 300 నుంచి 500 కేలరీలు అదనం. మొదటి వారమే వెయ్యి కేలరీలు ఎక్కించబోతే మూడో రోజుకు కడుపు ఉబ్బరం, నాలుగో రోజుకు విరేచనాలు, అయిదో రోజుకు "నాకొద్దు". మొదటి రెండు వారాలు ఒక్క గీతనే పూడ్చండి, తర్వాత రెండోది.

ప్రొటీన్ గురించి జనంలో మోజు ఎక్కువ, లెక్క తక్కువ. కిలో బరువుకు రోజుకు 1.4 నుంచి 1.8 గ్రాములు సరిపోతుంది. మన 54 కిలోల వాడికి 76 నుంచి 97 గ్రాములు. అదంతా ఒక్కపూటే పెట్టకుండా నాలుగైదు సార్లుగా, ఒక్కోసారి 15-20 గ్రాములు పడేలా చూడండి. రెండు గ్రాములు దాటాక కండకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. పైగా ప్రొటీన్ ఆకలిని చంపుతుంది. కోడి రొమ్ము ముక్కలు, గుడ్డు తెల్లసొన మాత్రమే పెడుతున్న ఇళ్ళలో బక్కవాడు బక్కగానే ఉండిపోవడానికి కారణం ఇదే: కడుపు నిండుతుంది, కేలరీలు నిండవు. గుడ్డు మొత్తం తిననివ్వండి. అందులోని కేలరీల్లో అధికభాగం, ప్రొటీన్‌లో దాదాపు అయిదింట రెండు వంతులు పచ్చసొనలోనే ఉంటాయి.

బక్క పిల్లవాడికి మంచి స్నేహితుడు తక్కువ చోటులో ఎక్కువ కేలరీలు పట్టే పదార్థం. ముప్పై గ్రాముల వేరుశనగ గుళ్ళు, అంటే ఒక గుప్పెడు, సుమారు 170 కేలరీలు. చెంచా, అదే 15 మి.లీ. పట్టేది, నూనెనో నెయ్యినో అన్నంలో కలిపితే 120 కేలరీలు, కంచం సైజు మాత్రం మారదు. వెన్న తీయని పాలు పావు లీటరు 150 పైన, 8 గ్రాముల ప్రొటీన్ అదనం. భోజనంతోపాటు నీళ్ళకు బదులు ఈ గ్లాసు పెట్టండి. తినబోయే ముందు అరలీటరు నీళ్ళు తాగే అలవాటుంటే మాన్పించండి. నీళ్ళు భోజనానికీ భోజనానికీ మధ్యలో తాగొచ్చు.

నమలడానికి బద్ధకించే పిల్లలకు తాగేదే మేలు. ఒక కొలత చెబుతాను, రాసుకోండి. వెన్న తీయని పాలు 300 మి.లీ., పండిన అరటిపండు ఒకటి, ఓట్స్ 40 గ్రాములు, వేరుశనగ వెన్న పెద్ద చెంచాతో రెండు, పాలపొడి 15 గ్రాములు. మొత్తం 680 కేలరీలు పైచిలుకు, 28 గ్రాములదాకా ప్రొటీన్. ఓట్స్‌ను ముందు పొడిగా తిప్పి, తర్వాత పాలు పోయండి. లేకపోతే అడుగున పలుకులు మిగిలి, రెండో రోజు నుంచి గ్లాసులో సగం వదిలేస్తాడు. పది నిమిషాలు వదిలేస్తే చిక్కబడి చెంచాతో తినాల్సి వస్తుంది, వెంటనే తాగించండి. పచ్చి గుడ్డు కొట్టి కలపొద్దు. సాల్మొనెల్లా క్రిములు చేరే ప్రమాదం ఉంది, పైగా పచ్చి గుడ్డులోని ప్రొటీన్ వండినదాని కన్నా తక్కువ ఒంటబడుతుంది. పాలు పడనివాళ్ళకు పెరుగు గానీ సోయా పాలు గానీ వాడండి. బాదం పాలల్లో చాలావాటిలో ప్రొటీన్ నామమాత్రమే. మొదటి వారం సగం గ్లాసే ఇవ్వండి.

దీన్ని ఎప్పుడు తాగాలన్నది గ్లాసులో ఏముందన్నంత ముఖ్యం. ప్రాక్టీసుకు గంట ముందు తాగితే మైదానంలో డొక్కలో పోటు ఖాయం. కొవ్వు, పీచు ఉన్నది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. గంట ముందైతే తేనె రాసిన రొట్టె, అరటిపండు లాంటివి, 200-300 కేలరీలు చాలు. ఈ గ్లాసు ప్రాక్టీసు అయ్యాక గంటలోపు. గట్టిగా ఆడినవాడికి వెంటనే ఆకలి వేయదు, తాగమంటే మాత్రం తాగుతాడు. ఇంటికొచ్చేదాకా ఆగకుండా సంచిలో చల్లగా పెట్టి పంపండి. దాని తర్వాత రాత్రి భోజనం మామూలుగానే ఉండాలి. గ్లాసు తాగానని భోజనం తగ్గిస్తే చేసిన పనంతా దండగ. బడిలో పదిన్నర విరామానికి గుప్పెడు గుళ్ళు, ఒక పండు. పడుకోబోయే ముందు పాలో పెరుగో. ఇంతే, గీతలన్నీ పూడిపోయాయి. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 1,300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ఈ పాలతో ఆ లెక్కలో చాలాభాగం తీరిపోతుంది.

తిన్నది కండగా మారాలంటే కండకు పని చెప్పాలి. ప్రాక్టీసులోని పరుగు దానికి సరిపోదు. వారానికి రెండు, మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో బరువుల కసరత్తు చేయాలి. "బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది" అన్న భయం ఇంకా పోలేదు. పెద్దవాళ్ళ పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేస్తే ఆగదు. దెబ్బ తగిలేది ఒంటరిగా, పందెం కట్టుకుని, మోయలేని బరువు ఎత్తినప్పుడు. గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్, నడుము దగ్గర వంగి లేచే డెడ్‌లిఫ్ట్ రకం, పుష్-అప్, బరువును ఒంటివైపు లాగే రోయింగ్, మోచేతుల మీద బల్లలా నిలిచే ప్లాంక్, వీటితో పాటు తొడ వెనక కండకు నార్డిక్ కసరత్తు. ఒక్కోటి రెండు మూడు సెట్లు, అంటే విడతలు; ప్లాంక్ తప్ప మిగతావి సెట్‌కు 8 నుంచి 12 సార్లు. బరువు పెంచడానికి ఒకటే నియమం పెట్టుకోండి: వరసగా రెండు కసరత్తు రోజుల్లో అన్ని సెట్లలో పన్నెండూ శుభ్రంగా వస్తే, తర్వాతి కసరత్తు రోజున ఐదు శాతం కలపాలి. శుభ్రంగా అంటే ఏమిటో స్క్వాట్‌లో చూడండి: మడమ నేల మీద ఉండాలి, మోకాళ్ళు లోపలికి పడకూడదు, పైకి లేచేటప్పుడు వీపు కన్నా ముందు పిరుదులు లేవకూడదు. ఈ మూడింటిలో ఒకటి తప్పితే బరువు తగ్గించాల్సిందే. మ్యాచ్‌కు ముందురోజు కాళ్ళ కసరత్తు వద్దు. సీజన్ నడుస్తున్నప్పుడు వారానికి ఒకటో రెండో రోజులు చాలు.

ప్రాక్టీసు అయిపోయాక సొంతంగా ఇంకో అయిదు కిలోమీటర్లు పరుగెత్తే పిల్లలుంటారు. బుద్ధిమంతులే పాపం, కానీ మనం ఎక్కించిన 300 కేలరీలు అక్కడే కరిగిపోతాయి. నిద్ర ఎనిమిది నుంచి పది గంటలు ఉండాలి. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే.

బరువు, కండ పెంచుతాయని అమ్మే పొడి డబ్బాల విషయం సూటిగా చెబుతాను. మాస్ గెయినర్ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో మొదట కనిపించే పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే త్వరగా అరిగే పిండిపదార్థానికి చాక్లెట్ వాసన కట్టి అమ్ముతున్నారు. కండబలం కోసం వాడే క్రియాటిన్ పొడి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు వద్దన్నది అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట. కొన్ని పొడుల్లో డబ్బా మీద రాయని నిషిద్ధ పదార్థాలు కలిసి ఉంటాయి, డోప్ పరీక్షలో దొరికేది మాత్రం పిల్లవాడు. ఇక కండ పెంచే మందులైన అనబాలిక్ స్టెరాయిడ్లు ఎముక చివరి ఎదుగుదల పలకల్ని ముందే మూసేస్తాయి, ఎత్తు అక్కడితో సరి. "మెస్సీ హార్మోను ఇంజెక్షన్లు తీసుకున్నాడుగా" అని పిల్లలు అడుగుతారు. అతనికి ఎదుగుదల హార్మోను లోపం ఉందని వైద్యులు తేల్చి చేసిన చికిత్స అది. లోపం లేనివాడికి దాంతో పనిలేదు.

కొన్నిచోట్ల తిండి పెంచడం కన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తినకుండానో, తింటూనో బరువు తగ్గిపోతుంటే. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే. నెలల తరబడి విరేచనాలు, కడుపునొప్పి ఉంటే. గుండెదడ, చేతుల వణుకు ఉంటే. ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోతే అది "బాగా శ్రమపడుతోంది" అనడానికి గుర్తు కాదు, తిండి చాలక శరీరం పొదుపు మొదలెట్టిందనడానికి గుర్తు. మాటిమాటికీ ఎముక చిట్లడం కూడా అదే కోవలోది. కంచం ముందు అబద్ధాలాడటం, తిన్నాక బాత్రూంలోకి పోవడం గమనిస్తే తిట్టకండి, అదీ డాక్టరుకే చెప్పాలి.

తూకం వారానికి ఒక్కసారే. ఒకే రోజు, పొద్దున్నే, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే రకం పల్చని బట్టల్లో. ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ ఊగుతుంది, అది నీళ్ళ ఆట. మూడు నాలుగు వారాల వరసను చూసి నిర్ణయించండి. మూడు వారాల్లో ముల్లు కదలకపోతే 200 కేలరీలు కలపండి, మళ్ళీ మూడు వారాలు ఆగండి. పక్కనే బొడ్డు దగ్గర నడుం కొలత, 30 మీటర్ల పరుగు టైము, నిలువు గెంతు ఎత్తు కూడా నెలకోసారి రాయండి.

ఎక్కడ ఆపాలన్నది ఆటను బట్టి, స్థానాన్ని బట్టి ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎదుటివాళ్ళను ఒంటితో అడ్డుకునే ముందు లైన్‌లో నిలబడేవాడికి బరువు ఆయుధమే, అయితే అక్కడ కూడా పొట్ట పెంచుకున్న పిల్లలకు రక్తపోటు, ఎండదెబ్బ ముప్పు ఎక్కువ. మనం ఆడే ఫుట్‌బాల్‌లో మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డరు మ్యాచ్‌కు పది కిలోమీటర్లకు పైగా పరుగెడతాడు, ఎక్కిన ప్రతి కిలోనూ అంత దూరం మోయాలి. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్‌ను 2018లో గెలిచిన క్రొయేషియా మిడ్‌ఫీల్డరు లూకా మోడ్రిచ్ ఎత్తు 172 సెంటీమీటర్లు, మన ఊహా అబ్బాయిదీ అదే ఎత్తు. కాబట్టి నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బరువు పెరిగి, గెంతు పెరిగి, పరుగు టైము అలాగే ఉంటే సాగనివ్వండి. బరువుతో పాటు నడుం రెండు సెంటీమీటర్లు పెరిగి, 30 మీటర్లకు పట్టే టైమూ పెరిగితే ఆ నెల అదనపు గ్లాసు ఆపేయండి. కసరత్తు మాత్రం ఆపకండి.