నోటు రెండుసార్లు జారిపడింది

అందరికీ నమస్కారం. బార్ సర్వీసులో కొత్తగా చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, ముందు వరుసలో ఉన్న యజమానులకూ. పెగ్గు లెక్కలు చెప్పమన్నారు, చెప్తాను. 40 శాతం మద్యం 30 మిల్లీలీటర్లు పోస్తే అందులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్ల సీసాలో 13 గ్రాములు. పది గ్రాములు కరగడానికి కాలేయానికి ఇంచుమించు గంట పడుతుంది.

ఈ లెక్క తెలియని రోజుల్లో మా దగ్గరికి ఒకాయన వచ్చేవారు. మూల టేబుల్, ఒక్కరే, గొంతు పెంచేవారు కాదు. ఆ రాత్రి బిల్లు కడుతుంటే చేతిలోంచి నోటు జారిపడింది. వంగి తీసిచ్చాను. అదే నోటు మళ్లీ పడింది. మళ్లీ తీసిచ్చాను. మాట స్పష్టంగానే ఉంది కదా అనుకున్నాను. బ్లాక్ కాఫీ ఇచ్చి, మొహం కడిగించి, పావుగంట కూర్చోబెట్టి, కారు తాళాలు చేతిలో పెట్టి పంపాం. కారు డివైడర్‌ను గుద్దింది. ఆయన కుడి కాలు తీసేశారు.

కాఫీతో నిద్రమత్తు పోతుందేమో గానీ తాగిన మత్తు దిగదు. చన్నీళ్లతోనూ అంతే. ఆఖరి పెగ్గు రక్తంలోకి పూర్తిగా ఎక్కడానికి ఒక్కోసారి గంట దాటుతుంది. తాళాలు ఇచ్చేటప్పటికి ఆయనకి ఇంకా ఎక్కుతూనే ఉంది. నోటు రెండోసారి పడ్డప్పుడైనా నేను ఆగాల్సింది.

అమ్మా, నాన్నా, మాట తడబడేదాకా చూడకండి. చేతులు చూడండి. నలుగురిలో "మీకు ఎక్కువైంది" అనకండి, పౌరుషం వస్తుంది. పక్కకి వెళ్లి, గొంతు తగ్గించి, "ఈ పూటకి ఇంక నేను పోయలేను సార్, నీళ్లు తెస్తాను, క్యాబ్ పిలుస్తాను" అనండి. ఒంటి మీద చెయ్యి వేయకండి. వెంటనే తోటివాళ్లకి చెప్పండి, లేకపోతే మీరు కాదన్నది ఇంకొకరు పోసేస్తారు. నిద్రపోయాడని ఎవరినీ వెల్లకిలా వదిలేయకండి. వాంతి గొంతుకి అడ్డం పడితే ప్రాణం పోతుంది. పక్కకి తిప్పండి. లేపినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అంబులెన్స్ పిలవండి.

యజమానులకు ఒక్క మాట. రౌండ్ ఆపినందుకు ఆ రోజుల్లో మాకు తిట్లు పడేవి. దయచేసి మీరు తిట్టకండి. మీ పిల్లవాడు కాదన్నప్పుడు వెళ్లి అతని పక్కన నిలబడండి.

ఇంకా స్లైడ్లు ఉన్నాయి, వదిలేద్దాం. ఇద్దరు ముందుకి రండి. ఒకరు కస్టమర్. రెండోవాళ్లు ఆ మాట నాకు వినపడేలా చెప్పండి.