శరణార్థుల రాజ్యంలో ముందొచ్చింది ఎవరు?

యాంకర్: నమస్కారం. ఊళ్ళు పోగొట్టుకున్న నాలుగైదు జాతులు ఒక ఒడ్డుకు చేరి కొత్త రాజ్యం కట్టుకోవడం ఫాంటసీలో అందరికీ ఇష్టమైన కథ. అలాంటి నవల రాస్తున్న రచయిత, చరిత్ర అధ్యాపకురాలు, గేమ్ డిజైనర్ ఈరోజు మనతో ఉన్నారు. రచయిత గారూ, మీ రాజ్యం ఎంతవరకు వచ్చింది?

రచయిత: మూడో అధ్యాయంలో ఆగిపోయిందండీ. మరుగుజ్జులు, రెక్కల మనుషులు, జలజాతి... అందరూ దిగారు. శత్రువు వచ్చాడు, కలిసి తరిమేశారు. ఆ తర్వాత ఏం రాయాలో తోచట్లేదు.

అధ్యాపకురాలు: అందర్నీ ఒకేసారి దింపేశారు కదా, అందుకే. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటి సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ చూడండి. 1787లో లండన్‌లోని పేద నల్లవాళ్ళు వచ్చారు. రెండేళ్ళకు స్థానిక టెమ్నేలు ఆ ఊరు తగలబెట్టారు. 1792లో ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి 15 ఓడల్లో దాదాపు 1,200 మంది దిగారు. వాళ్ళలో చాలామంది అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చేరి బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు. 1800లో జమైకా మరూన్లు, అంటే బానిసత్వం నుంచి పారిపోయి కొండల్లో స్వేచ్ఛగా బతికినవాళ్ళ సంతతి. 1808 తర్వాత బ్రిటిష్ నౌకాదళం బానిస ఓడల్లోంచి విడిపించిన వేలాదిమంది.

గేమ్ డిజైనర్: అయితే ముందొచ్చినవాళ్ళకీ వెనకొచ్చినవాళ్ళకీ పడదన్నమాట.

అధ్యాపకురాలు: పడనిచ్చేవాళ్ళేరీ? నోవా స్కోషియా వాళ్ళను భూమి ఊరికే ఇస్తామని తీసుకొచ్చారు. తీరా దిగాక ఆ వలసను నడిపే బ్రిటిష్ సంస్థ సియెర్రా లియోన్ కంపెనీ ఏటా శిస్తు కట్టమంది. గొడవ ముదిరి ముదిరి 1800లో కొందరు తిరగబడ్డారు. సరిగ్గా అప్పుడే దాదాపు 550 మంది మరూన్లతో ఓడ రేవుకొచ్చింది. కంపెనీ ఆ మరూన్ల సాయంతోనే తిరుగుబాటు అణిచేసింది.

రచయిత: అయ్యో! శరణార్థుల మీదికి శరణార్థులనే తోలారా?

అధ్యాపకురాలు: పైగా ఆ మరూన్లేమీ బ్రిటిష్ చుట్టాలు కారు. జమైకాలో వాళ్ళతో యుద్ధం చేసి, లొంగిపోయాక దేశం నుంచి గెంటించుకున్నవాళ్ళే.

యాంకర్: మరి విలన్ ఎవరు?

గేమ్ డిజైనర్: నన్నడిగితే శిస్తు గుమస్తా. డ్రాగన్ వస్తే ఆటగాడు కత్తి తీస్తాడు. గుమస్తా వస్తేనే టెన్షన్.

రచయిత: బాగుంది. కానీ కొట్లాటలే రాస్తే వాళ్ళు ఒక జనం ఎలా అవుతారు? నేను చివర్లో రాజుగారితో ఓ ప్రసంగం చెప్పిద్దామనుకున్నా.

అధ్యాపకురాలు: ప్రసంగం వద్దండీ, వంటింట్లోకి రండి. వీళ్ళందరి వారసుల్ని క్రియోలంటారు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దల పేరున అవుజో అనే విందు చేస్తారు. అలసందలు నానబెట్టి, రుబ్బి, నూనెలో అకారా వేస్తారు. అచ్చం మన అలసంద వడలే. వండినవాటిలో కొంత తీసి గోతిలో పెడతారు, అది పోయినవాళ్ళ వాటా. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబాలే ఇదీ చేస్తాయి. ఓడల్లోంచి విడిపించినవాళ్ళలో ఇప్పటి నైజీరియా వైపు జాతి అయిన యోరుబాలు ఎక్కువ, ఆ ఆచారం వాళ్ళతో వచ్చింది. అంటే వెనకొచ్చినవాళ్ళ వంటే అందరి ఇళ్ళకూ పాకింది.

రచయిత: అయితే మరుగుజ్జుల్ని పదేళ్ళు ముందే దింపేస్తాను.

అధ్యాపకురాలు: దింపండి. మరి ఆ ఒడ్డు మీద అప్పటికే ఎవరున్నారు?

రచయిత: ఎవరూ లేరండీ. ఖాళీ ఒడ్డు.

అధ్యాపకురాలు: ఫ్రీటౌన్‌లో టెమ్నేలున్నారు. 1788లో నైంబానా అనే రాజుతో ఒప్పందం రాయించుకుని, నేల తమదైపోయిందన్నారు బ్రిటిష్‌వాళ్ళు. 1801లో టెమ్నేలు కంపెనీ కోట మీద దాడి చేశారు. మీ నవల్లో వాళ్ళ జాగాలో ఎవరూ లేరు.

గేమ్ డిజైనర్: నా ఆటలో అయితే ఆటగాడికి మొదట ఇచ్చే పాత్ర వాళ్ళదే. ఓడలు కనబడ్డాక ఏం చేస్తాడో వాడిష్టం.